బైపీసీ చదివిన మీ బిడ్డకు ఇంకో దారి ఉంది

ఈ వారం ఎరువుల గురించి కాదు, పురుగుమందుల గురించి కాదు. మీ ఇంట్లో బైపీసీ పుస్తకాలు ముందేసుకుని దిగులుగా కూర్చున్న బిడ్డ గురించి చెప్పుకుందాం.

మొన్న ఆళ్లగడ్డ బస్టాండులో రుద్రవరం వైపు రైతు ఒకాయన కలిసినాడు. సొంతం నాలుగెకరాలు, కౌలు రెండెకరాలు. ‘‘అన్నా, మా పాప నీట్ రెండుసార్లు రాసింది. సీటు రాలేదు. మళ్లీ లాంగ్‌టర్మ్ కోచింగుకు పంపాలంటే ఎకరా అమ్మాల. నంద్యాలలో బ్యాంకు కోచింగుకు పెడదామంటే వద్దంటాది. అడవి, పక్షులు, పురుగుల గురించి చదువుతానంటాది. అట్లాంటి చదువు ఒకటి ఉంటాదా? చదివితే ఉద్యోగం వస్తాదా?’’ అని అడిగినాడు.

బస్సు వచ్చేలోపల సగమే చెప్పగలిగినా. మిగతా సగం ఆయనకూ, ఆయనలాంటి మీ అందరికీ ఇక్కడ రాస్తున్నా.

ఆ చదువు పేరేమి?

ఆ చదువుకు తెలుగులో జీవావరణ శాస్త్రం అని పేరు. కాలేజీల్లో ఇకాలజీ అంటారు. దాంతో కలిపి చదివేది జీవవైవిధ్యం, అంటే బయోడైవర్సిటీ. పేర్లు చూసి భయపడొద్దు. ఒక చోట ఎన్ని రకాల ప్రాణులు, మొక్కలు ఉన్నాయి, ఏది దేన్ని తిని బతుకుతుంది, ఒకటి పోతే మిగతావాటికి ఏమవుతుంది అని లెక్కపెట్టి తెలుసుకోవడమే ఈ చదువు.

ఇది మీకు తెలియని సంగతేం కాదు. శనగ చేలో పచ్చపురుగు ఉంటుంది. దాన్ని ఏరుకు తినడానికి పసుల పోలిగాడు, గోరింక, కొంగ వస్తాయి. పురుగు ఒంట్లోనే గుడ్డు పెట్టి దాన్ని చంపే చిన్న కందిరీగలుంటాయి. పేనుబంకను తినే అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు ఉంటాయి. చేలో పక్షి స్థావరాలు నాటమనీ, లింగాకర్షక బుట్టలు పెట్టమనీ, గట్టున బంతి, చుట్టూ జొన్న వేయమనీ అధికారులు చెప్పేది ఈ లెక్క తెలుసుకునే. ఎవరో ఒకరు చేలో కూర్చుని ఏ పక్షి గంటకు ఎన్ని పురుగులు తింటుందో రాసుకుంటేనే ఆ సలహా మీదాకా వచ్చింది. అట్లా రాసుకునే మనిషే జీవావరణ శాస్త్రవేత్త.

నేను కూడా బైపీసీ వాణ్ణే. 1990ల చివర్లో ఇంటర్ పాసయినా. ఆ ఏడు మా నాయన పత్తి వేసినాడు. పచ్చపురుగుకు పధ్నాలుగుసార్లు మందు కొట్టినాం. మందుల అంగడాయన ఏ డబ్బా ఇస్తే అది, రెండు డబ్బాలు కలిపి కొట్టమంటే కలిపి. పురుగు చావలేదు గానీ చేలో అక్షింతల పురుగు ఒక్కటి మిగల్లేదు. చంపవలసినదాన్ని వదిలి, కాపాడవలసినదాన్ని చంపుకున్నామని చెప్పేవాళ్లు లేరు. అప్పు తీర్చడానికి నా డిగ్రీ చదువు ఆగిపోయింది. ఆ సంగతి తెలిసినవాడు మా ఊళ్లో ఒక్కడుండి ఉంటే ఆ అప్పు సగం తగ్గేది. ఈ చదువు మీద నాకున్న పట్టుదల అక్కడ పుట్టింది.

మన అడవిలోనే ప్రపంచం వెతికే ప్రాణులు

మన నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న కొత్తగా ఏర్పడింది గానీ మన నల్లమల చాలా పాతది. ఈ చదువు చదివినవాళ్లకు నల్లమల పెద్ద బడి.

ఒక్క ఉదాహరణ చూడండి. 1899లో గుత్తి రైల్వే కలప అడితిలో దొరికిన నీలంగా మెరిసే పెద్ద సాలెపురుగుకు పోకాక్ అనే శాస్త్రవేత్త పేరు పెట్టి పుస్తకానికి ఎక్కించినాడు. ఆ తర్వాత నూరేళ్లు అది మళ్లీ ఎవరికీ కనబడలేదు. 2001లో దాని అసలు ఇల్లు తెలిసింది. అది గుత్తి కాదు. గుత్తికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో నంద్యాల, గిద్దలూరు మధ్య ఉన్న అడవి! రైల్లో కట్టెల వెంట గుత్తికి చేరి ఉంటుందని తర్వాతివాళ్లు అనుకున్నారు. 2008లో లెక్క చూసినప్పుడు అది 100 చదరపు కిలోమీటర్ల లోపు అడవిలో మాత్రమే ఉన్నట్టు తేలింది. అందుకే ప్రపంచంలో అంతరించిపోయే ముప్పు తీవ్రంగా ఉన్న ప్రాణుల జాబితాలో చేర్చినారు. అది ముసలి చెట్ల తొర్రల్లో కాపురముంటుంది. ముసలి చెట్టు కొట్టేస్తే దాని ఇల్లు పోయినట్టే. విదేశాల్లో సరదాకు పెంచుకునేవాళ్ల కోసం దొంగతనంగా పట్టుకుపోయేవాళ్లూ ఉన్నారు.

మనం ఆ దారిన ఎన్నిసార్లు బస్సులో పోయినామో! పైదేశాలవాళ్లు పేరు పెట్టి వెతుక్కున్న ప్రాణి మన ఇంటిముందర ఉందని మనకు తెలియకపాయె.

బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన జె.ఎల్. ఎల్లిస్ నల్లమల మొక్కలన్నిటినీ రెండు సంపుటాలుగా పుస్తకాల్లోకి ఎక్కించినాడు. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఆచార్య టి. పుల్లయ్య, ఆయన శిష్యులు రాయలసీమ కొండలన్నీ తిరిగి మొక్కల లెక్క రాసినారు. నల్లమల పేరునే తన శాస్త్రీయ నామంలో పెట్టుకున్న మొక్క కూడా ఒకటుంది. ఈ పని అయిపోలేదు. కీటకాలు, కప్పలు, నాచు, పుట్టగొడుగుల లెక్క చేయవలసింది ఇంకా చాలా ఉంది.

రైతు మాట వినే శాస్త్రవేత్త కావాల

రోళ్లపాడు సంగతి మీకు తెలిసిందే. బట్టమేక పక్షి కోసం 1988లో 6.14 చదరపు కిలోమీటర్ల గడ్డినేలను అభయారణ్యం చేసినారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన ఆసద్ రహ్మానీ, రంజిత్ మనకడన్ లాంటి పరిశోధకులు అక్కడ ఏళ్ల తరబడి పనిచేసినారు. కాపలా పెరిగేకొద్దీ జింకలు (కృష్ణమృగాలు) పెరిగినాయి. అవి కంచె దాటి చేలమీద పడినాయి. నష్టం రైతుకు, పేరు పక్షికి వచ్చింది. ‘‘ఈ పక్షి వల్లే మాకు ఈ గతి’’ అని చుట్టుపక్కల రైతులకు కోపం వచ్చింది. ఆ సంగతి కూడా పరిశోధకులు దాచకుండా రాసినారు. మరోవైపు జొన్న, కొర్ర, వేరుశనగ పోయి నీటి పంటలు, పత్తి, పొగాకు వచ్చేసరికి పక్షి తిరిగే మిట్టనేల తగ్గిపోయింది. ఇప్పుడు రోళ్లపాడులో బట్టమేక కనబడడమే గగనమైపోయింది.

దీంట్లో పాఠమేమిటంటే, పక్షిని మాత్రమే చూసి రైతును చూడకపోతే పక్షీ మిగలదు. రైతు ఇంట్లో పుట్టిన పిల్ల ఆ కుర్చీలో కూర్చుంటే రెండు లెక్కలూ చూస్తుంది.

పక్కనే కడప జిల్లాలో ఇంకో కథ. కలివికోడి అనే పక్షి 1900 తర్వాత కనబడక, ఇక లేదనుకున్నారు. 1986 జనవరిలో భరత్ భూషణ్ అనే పరిశోధకుడు బద్వేలు దగ్గర రెడ్డిపల్లె ప్రాంతంలో అది బతికే ఉందని నిరూపించినాడు. పక్షిని చేతికి పట్టి ఇచ్చింది ఎవరనుకున్నారు? ఐతన్న అనే మన పల్లెటూరి వేటగాడు. పెద్ద చదువు చదివినవాళ్లకు దొరకనిది రాత్రిపూట కంపల్లో తిరిగే అలవాటున్న మనిషికి దొరికింది. తర్వాత తెలుగుగంగ కాలువ ఆ పక్షి ఉండే చోటు మీదుగా పోతున్నదని జగనాథన్ అనే యువ పరిశోధకుడు ఆధారాలతో చూపించినాడు. కాలువ ఆగలేదు, దాని దారి మార్చినారు. అంటే నీళ్లకూ దారి దొరికింది, పక్షి ఉండే చోటునూ తప్పించినారు. ముందే లెక్క తెలిసి ఉంటే మొదటినుంచే ఆ దారిన తవ్వేవాళ్లు. ఖర్చూ కలిసొచ్చేది.

మన అడవి అంచు ఊళ్లలో అడవిపందుల బాధ మీకు చెప్పనక్కర్లేదు. కరెంటు తీగ పెడితే పంది కంటే ముందు మనిషి పోయిన కేసులున్నాయి. పైగా అది నేరం. ఏ నెలలో ఏ వాగు వెంబడి దిగుతాయి, ఏ పంట దగ్గర ఆగుతాయి, ఏ కంచెకు వెనక్కి పోతాయి అని ఊరూరా లెక్క తీసేవాళ్లు కావాలి. అది కూడా ఈ చదువు పనే.

చదువు దారి ఎట్ల?

ఇంటర్ బైపీసీ తర్వాత మూడు దారులున్నాయి.

మొదటిది, మామూలు డిగ్రీ. వృక్షశాస్త్రం గానీ జంతుశాస్త్రం గానీ ప్రధాన సబ్జెక్టుగా బీఎస్సీ. మన రాష్ట్రంలో 2023-24 నుంచి డిగ్రీ సబ్జెక్టుల పద్ధతి మారింది, తర్వాత కూడా మార్పులు జరుగుతున్నాయి. కాబట్టి చేరే ఏడాది ఏ సబ్జెక్టులు ఉన్నాయో కాలేజీలోనే అడగండి. ఇంటికి దగ్గర ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంటే అందులో చేర్చండి. దీనికి ఎకరా అమ్మే పని లేదు.

రెండోది, బీఎస్సీ అగ్రికల్చర్. నాలుగేళ్లు. మహానందిలో వ్యవసాయ కళాశాల 1991 నుంచి ఉంది. ఈఏపీసెట్‌లో ర్యాంకు రావాలి. వ్యవసాయ విశ్వవిద్యాలయం సీట్లలో రైతుబిడ్డలకు కోటా ఉంది. పొలం కాగితాలు, పల్లెలో చదివినట్టు ధ్రువపత్రాలు అడుగుతారు. కౌన్సెలింగ్ రోజు పరుగెత్తకుండా ముందే సిద్ధం చేసి పెట్టుకోండి. ఈ దారిలో పోయినవాళ్లు తర్వాత కీటకశాస్త్రంలో చేరి మిత్రపురుగుల మీద గానీ, పాత విత్తనాల రకాల మీద గానీ పరిశోధన చేయవచ్చు.

మూడోది, బీఎస్సీ ఫారెస్ట్రీ. నాలుగేళ్లు. ఇతర రాష్ట్రాల కాలేజీల్లో అఖిల భారత కోటా సీట్లు సీయూఈటీ పరీక్ష ద్వారా ఇస్తారు.

డిగ్రీ తర్వాత ఎమ్మెస్సీ. కర్నూలు రాయలసీమ విశ్వవిద్యాలయం, కడప యోగి వేమన, అనంతపురం శ్రీకృష్ణదేవరాయ, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాలు మనకు దగ్గరివి. పీజీసెట్ రాయాలి. సబ్జెక్టు పేరు వృక్షశాస్త్రం అని ఉన్నా, జంతుశాస్త్రం అని ఉన్నా ఫరవాలేదు. అడవి తిరిగే గురువు దగ్గర ప్రాజెక్టు చేయడం ముఖ్యం.

ఇంకా పైకి చూసేవాళ్లకు పాండిచ్చేరి కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సలీం అలీ పేరు మీద ఈ శాస్త్రానికే ప్రత్యేక విభాగం ఉంది. డెహ్రాడూన్‌లో 1982లో పెట్టిన భారతీయ వన్యప్రాణి సంస్థ వైల్డ్‌లైఫ్ సైన్స్‌లో ఎమ్మెస్సీ చెబుతుంది. బెంగళూరులో జీవశాస్త్రాల జాతీయ కేంద్రం రెండేళ్లకోసారి వన్యప్రాణి జీవశాస్త్రంలో విద్యార్థులను తీసుకుంటుంది. వీటిలో సీట్లు కొద్దిగా ఉంటాయి, దేశమంతా పోటీ. కానీ మన పిల్లలకు రానివేం కావు.

ఎమ్మెస్సీ అయ్యాక నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ వస్తే పీహెచ్‌డీ చేస్తూనే డబ్బు వస్తుంది. 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆపైన 42,000 చేసినారు. అంటే చదువుకుంటూనే ఇంటికి ఇంత పంపగలిగే చదువు ఇది.

చదివితే ఏం ఉద్యోగాలు?

అటవీ శాఖ: బీట్ ఆఫీసర్‌కు ఇంటర్ చాలు. సెక్షన్ ఆఫీసర్, రేంజ్ ఆఫీసర్‌కు నిర్ణీత సబ్జెక్టులతో డిగ్రీ కావాలి. రాత పరీక్షతో పాటు నడక పరీక్ష ఉంటుంది. మగపిల్లలు 4 గంటల్లో 25 కిలోమీటర్లు నడవాలి. ఆడపిల్లలకు దూరం తక్కువ. పొద్దున్నే చేనికి నడిచిపోయే మన పిల్లలకు ఇది పెద్ద లెక్క కాదు. అన్నిటికీ పైన ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్. యూపీఎస్సీ పెట్టే ఆ పరీక్షకు వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, వ్యవసాయం చదివినవాళ్లు అర్హులే.

పరిశోధన: హైదరాబాదులోనే బొటానికల్ సర్వే, జువలాజికల్ సర్వే ప్రాంతీయ కేంద్రాలున్నాయి. అంతరించే ప్రాణుల మీద పనిచేసే ల్యాకోన్స్ అక్కడే ఉంది. పాత విత్తనాలు సేకరించి దాచే జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం రాజేంద్రనగర్‌లో, ఇక్రిశాట్ విత్తన భాండాగారం పటాన్‌చెరులో ఉన్నాయి. 1906 నుంచి ఉన్న మన నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానాన్ని మరిచిపోవద్దు. మీరు వేసే నంద్యాల శనగలు, కొర్ర రకాలు, ఒకప్పటి నరసింహ పత్తి అక్కడినుంచి వచ్చినవే. పాత రకాలు దాచిపెట్టుకోబట్టే కొత్త రకం పుట్టింది. విత్తన వైవిధ్యం కూడా జీవవైవిధ్యమే.

ప్రకృతి సేద్యం, మిత్రపురుగులు: రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయంలో చదువుకున్న యువకులను తీసుకుంటున్నది. ట్రైకోగ్రామా కార్డులు, లింగాకర్షక ఎరలు, జీవన ఎరువులు తయారుచేసే చోట్ల కూడా పని ఉంటుంది.

పర్యావరణ అధ్యయనాలు: 2006 కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం సిమెంటు ఫ్యాక్టరీ, గని, ఆనకట్ట లాంటివి కట్టేముందు అక్కడి నీరు, చెట్లు, ప్రాణుల మీద నివేదిక ఇవ్వాలి. నివేదికలు రాసే కంపెనీల్లో ఈ చదువువాళ్లకు చోటుంది. ప్రజాభిప్రాయ సేకరణ రోజున ఆ నివేదిక చదివి ప్రశ్న వేయగల మనిషి మన ఊళ్లో ఉండడం ఉద్యోగం కంటే పెద్ద లాభం.

బోధన: బీఎడ్ చేసి డీఎస్సీ రాస్తే జీవశాస్త్రం ఉపాధ్యాయులు కావచ్చు. ఎమ్మెస్సీతో నెట్ గానీ సెట్ గానీ ఉంటే డిగ్రీ కాలేజీ లెక్చరర్ పోస్టుకు పోటీ పడవచ్చు.

కష్టాలు కూడా వినండి

పంట గురించి రాసినప్పుడు తెగులు గురించి దాచం. ఇది కూడా అంతే. ఈ చదువులో సర్కారు నోటిఫికేషన్లు ఏటా రావు. ఎమ్మెస్సీ అయిన వెంటనే వచ్చేవి చాలావరకు ప్రాజెక్టు ఉద్యోగాలే. రెండేళ్లో మూడేళ్లో ఉండి, నిధులు ఆగితే ఆగిపోతాయి. స్థిరపడడానికి ముప్పయ్యేళ్లు రావచ్చు. అంతవరకు పెళ్లీ, అప్పూ అని మీరు తొందరపెడితే పిల్ల మధ్యలో వదిలేస్తుంది.

పని కూడా తేలిక కాదు. ఎండలో గడ్డి మధ్య నడవాలి, పిడుదులు పడతాయి, రాత్రిళ్లు అడవి కొట్టాల్లో పడుకోవాలి. నివేదికలు ఇంగ్లీషులో రాయాలి. తెలుగు మీడియం పిల్లలు డిగ్రీ మొదటి ఏడు నుంచే రోజుకు ఒక పేజీ ఇంగ్లీషులో రాయడం అలవాటు చేసుకోవాలి. లెక్కల్లో గణాంకాలు, కంప్యూటరు కూడా నేర్చుకోవాలి.

‘‘మూడు నెలల కోర్సు, ఖాయంగా ఉద్యోగం’’ అని కాగితం ఇచ్చేవాళ్లను నమ్మి డబ్బు కట్టొద్దు. విశ్వవిద్యాలయం పేరు, గుర్తింపు అడిగి చూడండి. విత్తనం కొనేటప్పుడు బిల్లు అడిగినట్టే ఇక్కడా అడగాలి.

ఊళ్లోనే మొదలుపెట్టవచ్చు

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఊరి చెట్లు, మందు మొక్కలు, పాత విత్తనాలు, పశువుల జాతులు, చేపలు అన్నీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో రాయాలి. మీ ఊరి రిజిస్టరు ఎక్కడుందో పంచాయతీ కార్యదర్శిని అడగండి. అది కాగితం మీద మాత్రమే ఉంటే మీ బిడ్డ చేత నింపించండి. మన ఊళ్ల మొక్కను కంపెనీలు వాడుకుంటే లాభంలో వాటా ఇవ్వాలని అదే చట్టం చెబుతుంది. 2025లో ఎర్రచందనం పెంచిన మన రాష్ట్ర రైతులకు జాతీయ జీవవైవిధ్య సంస్థ ఆ కింద డబ్బు విడుదల చేసింది. కాబట్టి రాసిపెట్టడం వట్టి పని కాదు.

గుర్తుంచుకోండి

1. నీట్ రాలేదని పొలం అమ్మేముందు ఒక్కసారి ఆగండి. దగ్గరి డిగ్రీ కాలేజీ ఖర్చెంతో అడిగి చూడండి.
2. కుల, ఆదాయ, స్థానికత ధ్రువపత్రాలు, పొలం కాగితాలు వేసవిలోనే తీసి ఉంచండి.
3. సెలవుల్లో పిల్లలను చేనికి తీసుకుపోయి ఏ పురుగు, ఏ పక్షి, ఏ తేదీ అని నోటుబుక్కులో రాయించండి. ఏడాది నిండితే అదే మొదటి పరిశోధన.
4. మీ బిడ్డకు నిజంగా ఇష్టముందా అని అడగండి. ఇష్టం లేకుండా అడవి చదువు నిలవదు.
5. ఆడపిల్ల అడవి ఉద్యోగం చేస్తుందా అని నవ్వొద్దు. ఇప్పుడు రేంజ్ ఆఫీసర్లలో ఆడపిల్లలూ ఉన్నారు.

బస్టాండులో కలిసిన పెద్దాయనా! మీ పాప అడిగింది వింత కోరిక కాదు. పుట్టినప్పటినుంచి చూస్తున్న కొండను చదువుతానంటున్నది. ఎకరా అట్లే ఉంచండి. పాపను చదివించండి. నాలుగేళ్ల తర్వాత ఆ ఎకరాలో ఏ పురుగుకు ఏ పక్షి మొగుడో ఆమే మీకు చెబుతుంది.